తొమ్మిది ముడుల టీచరు

మొన్న బుధవారం ఉదయం పదకొండూ పదికి కరెంటు పోయింది. ఫ్యాను చప్పుడు ఆగాక పక్క గదిలో ఫోను మోగుతున్నట్టు తెలిసింది. కాకినాడ నుంచి, ఒకప్పుడు నాతో పనిచేసిన మేడం చెల్లెలు. అక్క తెల్లవారుజామున నిద్రలోనే పోయిందని చెప్పింది. తర్వాత, గదినిండా రంగురాళ్ళు, కొవ్వొత్తులు ఉన్నాయని, వాటిని ఏం చేయాలో తెలియడం లేదని అంది. పారేయమన్నాను. ఆ మనిషి బతికుండగా కూడా ఆ మాట చాలాసార్లు చెప్పాను.

రెండు వేల ఎనిమిది నుంచి ఆమే నేనూ ఒమన్‌లో, సలాలాలో, ఒకే స్కూల్లో పనిచేశాం. ఆమె ఇంగ్లీషు, నేను సోషల్. ఒంటరి టీచర్లకు స్కూలు ఇచ్చిన ఫ్లాట్లో చెరో గది. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను మేడం అనేదాన్ని, ఆమె నన్ను అండీ అనేది. మూడేళ్ళు ఒకే గిన్నెలో అన్నం వండుకున్నా ఆ మర్యాద ఇద్దరిలో ఎవరమూ వదల్లేదు.

ఆమెకొక అలవాటు ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ముఖ్యమైన మాట వచ్చినప్పుడు చూపుడువేలితో గాలిలో దాని స్పెల్లింగ్ రాసేది. ఎదుటివాళ్ళకు అక్షరాలు తిరగబడి కనిపిస్తాయన్న ఆలోచన లేదు. నేను మొదటిసారి 'విక్కా' అన్న మాట అలాగే, గాలిలో తిరగబడి చూశాను.

అది క్రైస్తవం రాకముందు యూరపులో ఉన్న ప్రకృతి ఆరాధన అని, మళ్ళీ మేలుకుందని, తాను అందులో చేరుతున్నానని చెప్పింది. చేరడానికి ఎవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదట. ఎవరికి వాళ్ళే చేరొచ్చట. నేను స్కూల్ లైబ్రరీలో చదివి, ఆ మతాన్ని కూర్చింది ఇంగ్లండులో, అటూ ఇటుగా మా నాన్న పుట్టిన కాలంలో అని చెప్పాను. ఆమె నొచ్చుకోలేదు. "పాతదేనండి. మళ్ళీ దొరికిందంతే," అంది.

అలాంటి వెబ్‌సైట్లు ఒమన్‌లో తెరుచుకునేవి కావు. ఇంగ్లండులో ఉన్న మేనకోడలు ప్రింటు తీసి పోస్టులో పంపేది. అన్నీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం రాసిన కాగితాలే. మొదటి పాఠం, తొలి అడుగులు, ఇంట్లో ఉన్న వస్తువులతో పీఠం అమర్చుకోవడం. వాటిని పదో తరగతి పిల్లల్లాగా కింద గీతలు గీసుకుంటూ చదివేది. ఏడాదీ ఒక రోజూ అభ్యాసం చేస్తేగానీ దీక్ష తీసుకోకూడదని అందులో ఉంది. మధ్యలో తప్పితే మళ్ళీ మొదటినుంచి. పరీక్ష పేపర్లు దిద్దే వారం వచ్చిందంటే మతం ఆగిపోయేది. వారం తర్వాత ముఖం కడుక్కుని మళ్ళీ మొదలు. నాకు తెలిసినంతలో ఆమె ఎప్పుడూ మొదటి ఏడాదిలోనే ఉంది.

తనకు తాను ఒక ఇంగ్లీషు పేరు పెట్టుకుంది. అందులో ఒక పక్షి, ఒక చెట్టు ఉన్నాయి. ఆ రెండింటిలో ఒక్కదాన్నీ ఆమె కళ్ళతో చూసి ఎరగదు.

పూజకు సాంబ్రాణి లాంటి ధూపం కావాలని కాగితంలో ఉంటే దాన్ని కూడా మేనకోడలి చేతే తెప్పించింది. చిన్న పొట్లం, పైన బంగారు రంగు బొమ్మ. అది లుబాన్. మా ఫ్లాటు కింద దుకాణంలో లుబాన్ గోనెసంచుల్లో పోసి అమ్మేవాళ్ళు. ఊరు దాటి కొండల వైపు వెళితే ఆ చెట్లే. సాయంత్రమైతే ప్రతి ఇంటి గుమ్మంలోంచీ ఆ పొగే వచ్చేది, మా కిటికీలోంచి లోపలికి కూడా వచ్చేది. ఇంగ్లండు నుంచి వచ్చింది శుద్ధి చేసిందని ఆమె వాదన. "ఇది వేరండి," అంది.

ఆ మాట ఆమెకు ఊతపదం. పీఠం మీద ఒక కత్తి ఉండేది. దానితో ఏదీ కోయకూడదట. కోయని కత్తి ఎందుకని అడిగితే ఇది వేరండి అంది. ఏడాదిలో అన్నిటికంటే పొడవైన పగలు పండగని, ఆ పొద్దున సూర్యుడు పొడిచేటప్పుడు మేడ మీద నిలబడాలని రాసి ఉంటే నిలబడింది. సలాలాలో ఆ రోజులకు వానాకాలం మొదలవుతుంది. తుంపర ఆగదు, పొగమంచులో ఎదుటి మేడ కూడా కనబడదు. అలా తడుస్తూ గంటసేపు తూర్పు వైపు చూస్తూ నిలబడిందట. నీళ్ళ ట్యాంకరు కోసం చూస్తోందనుకుని వాచ్‌మన్, ఇవాళ రాదు మేడం అని చెప్పి కిందకి పంపాడు.

ఇవన్నీ నవ్వుకుని వదిలేసేవే. ఒకటి మాత్రం నేను వదల్లేదు. ఆమె తనను మంత్రగత్తె అని చెప్పుకునేది. ఇంగ్లీషులో చెప్పుకునేది, గర్వంగా, నవ్వుతూ. మాది మెదక్ వైపు. నా చిన్నప్పుడు మా పక్క ఊళ్ళో ఒక ముసలామెను బాణామతి చేస్తోందని కట్టేసి పళ్ళూడగొట్టారు. పళ్ళు లేకపోతే మంత్రం పలకదని నమ్మకం. ఆమె ఆ తర్వాత చాలాకాలం బతికింది. మా ఊరి సంతకు వచ్చేది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బేరం చేసేది. ఈ సంగతి చెప్పి, ఆ మాట మన దగ్గర ఆడదాని మీద పడితే ఏమవుతుందో మీకు తెలియదా అని అడిగాను. ఆమె చాలా బాధపడింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత, "పాపం. కానీ ఇది వేరండి," అంది.

మేడం వాళ్ళ ఊళ్ళో నూకాలమ్మ ఉంది. వేపాకు, పసుపు, చంద్రుణ్ణి చూసి పెట్టే ముహూర్తం, అన్నీ ఉన్నాయి. అదంతా ఆమె దృష్టిలో మూఢనమ్మకం. ఆకును ఇంగ్లీషులో చెబితే మాత్రం జ్ఞానం.

శుక్రవారం మధ్యాహ్నాలు మా ఫ్లాటుకు కడప వైపు ఆడవాళ్ళు ముగ్గురో నలుగురో వచ్చేవాళ్ళు. దగ్గర్లోని ఒమానీ ఇళ్ళలో పనిచేసేవాళ్ళు. వారానికి రెండు గంటలు బయటికి వదిలేవాళ్ళు. తెలుగు టీవీ చూసి, చారన్నం తిని వెళ్ళేవాళ్ళు. వాళ్ళకు వండిపెట్టేది ఆమే. ఆ విషయంలో నేను మాట అనను. వండిపెట్టి, ఎదురుగా కూర్చుని, చంద్రుడి కళల గురించి చెప్పేది. వాళ్ళు అన్నం కలుపుకుంటూ "అట్నే మేడమ్మా" అనేవాళ్ళు. అంతకంటే మంచి శిష్యులు ఆమెకు ఎక్కడా దొరకలేదు.

వాళ్ళలో రాయచోటి దగ్గరి రెడ్డెమ్మ ఒకతె. వచ్చి మూడేళ్ళు దాటింది, ఒక్కసారి కూడా ఇంటికి వెళ్ళలేదు. బిడ్డ అక్క దగ్గర పెరుగుతోంది. ఒక శుక్రవారం అన్నం ముందు కూర్చుని తినలేదు. అడిగితే చెప్పింది.

"బిడ్డ ఫోన్ కాడికి రాదు మేడమ్మా. మా యక్క పట్టుకొచ్చి చెవి కాడ పెడితే, ఎవురు మా ఈమె అని అడుగుతాంది. ఒక్క నెల పంపిస్తే సాలు. మళ్ళా వచ్చి చేస్తా. ఈ పని పోతే మాకు ఏముండాదక్కడ?"

సెలవు అడగలేదా అని నేను అడిగాను. కోడలు మామాను రెండుసార్లు అడిగిందట. పనిచేసే ఇంటి ఆడవాళ్ళను మామా అనడం అక్కడి అలవాటు. కోడలు మామా చూద్దాం అందట. ఆ ఇంట్లో మాట చెల్లేది పెద్ద మామాకు, అంటే అత్తగారికి. ఆమె ముందు నిలబడి అడగడానికి రెడ్డెమ్మకు నోరు రాలేదు.

మా మేడం లేచి గదిలోకి వెళ్ళింది. ఎర్ర ఉన్ని దారం, కాగితాలు పట్టుకుని వచ్చింది. తొమ్మిది ముడుల దారం, కొత్తవాళ్ళు కూడా చేయదగినదని పైనే రాసి ఉంది. ప్రతి ముడికీ కోరిక పైకి చెప్పి, దాని మీద ఊది, బిగించాలి. ఆమె తన తెలివి కూడా కొంత కలిపింది. దారాన్ని నీళ్ళలో తడిపి, పంటితో లాగి బిగించింది. తొమ్మిది ముడులూ సెలవు కోసమే. ఎవరి మనసు మారాలో వాళ్ళకు దగ్గరగా ఉంచమని కాగితంలో ఉంది, అదే చెప్పి చేతిలో పెట్టింది. రెడ్డెమ్మ కళ్ళకద్దుకుంది. ఆమెకు అందులో వింతేమీ లేదు. వాళ్ళ ఊళ్ళో బిడ్డకు దిష్టి తగిలితే ముడులేసిన దారం కడతారు, జ్వరం వస్తే కడతారు. మా మేడానికైనా పుట్టిన ఊళ్ళో అంతే. దారానికి ముడి వేస్తే కాపాడినట్టు. ఆ దారం వెళుతున్నది ఎవరింటికో ఇద్దరికీ తట్టలేదు.

తర్వాతి వారం మధ్యలో, మూడో పీరియడ్ అయ్యాక, స్కూలు వ్యాను నడిపే సలీం భాయ్ స్టాఫ్ రూముకు వచ్చాడు. హైదరాబాదు మనిషి, ఎప్పుడూ గుమ్మం దాటి లోపలికి రాడు. ఆ రోజు వచ్చి, తలుపు దగ్గరగా వేశాడు. రెడ్డెమ్మ ఆ దారాన్ని పెద్ద మామా దిండు గలీబులో పెట్టిందట. ఆ వారమే ముసలామెకు మోకాలు నొప్పి ఎక్కువైందట. దిండు ఉతకడానికి తీస్తే దారం పడింది. రెడ్డెమ్మను గదిలో పెట్టి తాళం వేశారు, ఫోను లాక్కున్నారు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక కొడుకు పోలీసుల దగ్గరికి వెళ్తానంటున్నాడు. ఆ ఇంటి డ్రైవరు తనకు ఫోన్ చేసి చెప్పాడట.

"వట్టి దారం భాయ్, మంచి కోసమే కట్టింది," అన్నాను.

"మేడం, మీకు తెల్వదు. మా ఇండ్లల్ల ముడులేసిన దారం దొరికితే తాయెత్తు అనరు, జాదూ అంటరు, చేతబడి. ముడుల మీద ఊదేటోళ్ళ నుంచి కాపాడమని మా చిన్న పోరలు గూడ పండుకునే ముందు దువా చదువుతరు. ఊదిండ్రా దాని మీద?"

మా మేడం అవునన్నట్టు తలూపింది.

ఆమె ఆ ఇంటికి వెళ్తుందని నేను అనుకోలేదు. తలనొప్పి అని గదికి పోయి, పీఠం తీసి చెత్తబుట్టలో పడేసి పడుకుంటుందనుకున్నాను. ఆమె రిజిస్టరు నా చేతికిచ్చి, తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టి, మీరూ రండి అంది. వ్యానులో కూర్చున్నాక మెడలోని అయిదు కోణాల చుక్క గొలుసు తీసి పర్సులో వేసి జిప్పు లాగింది. రెండేళ్ళ మతం ఎంతసేపట్లో జిప్పు లోపలికి వెళ్ళిందో చూశాను. ఆమె కిటికీలోంచి చూస్తూ ఉంది.

ఆ ఇంట్లో అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్‌లో పెద్ద మామా గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్కన ధూపం. ఎదురుగా పళ్ళెంలో ఎర్ర దారం. కొడుకు రైసూత్ పోర్టు ఆఫీసులో పనిచేసేవాడు, ఇంగ్లీషు బాగా వచ్చు. కోడలు గుమ్మం దగ్గర నిలబడింది. రెడ్డెమ్మను తీసుకొచ్చి నిలబెట్టారు. ఏడ్చి ఏడ్చి కళ్ళు తెరవలేకపోతోంది.

దారం తనదని, తానే కట్టానని, ఈమెకు ఏమీ తెలియదని మా మేడం ముందే చెప్పేసింది. నువ్వు మంత్రగత్తెవా అని అతను అడిగాడు. వచ్చిపోయే ప్రతివాళ్ళకూ రెండేళ్ళుగా తనంతట తాను చెప్పుకుంటున్న మాటే. ఒమన్ మొత్తం మీద ఆ మాటను నిజంగా నమ్మింది ఆ ఇల్లొక్కటే.

"కాదండి, నేను ఇంగ్లీషు టీచర్ని," అంది.

ఎవరు నేర్పారని ముసలామె అడిగింది. మేనకోడలు పంపిన కాగితాలు చూసి కట్టానని చెబితే కొడుకు అరబ్బీలో చెప్పాడు. ముసలామె మా మేడాన్ని కింది నుంచి పైదాకా చూసింది. అప్పటిదాకా ఆ ముఖంలో భయం ఉండేది. అది పోయి చిరాకు వచ్చింది. ఏదో అంది. కొడుకు నవ్వు ఆపుకుని చెప్పాడు.

"కాగితం చూసి వేసిన ముడికా నా మోకాలు నొప్పి పుట్టింది, అని అడుగుతోంది."

అయినా వదల్లేదు. వేసినవాళ్ళే విప్పాలంది. కత్తెర ఇమ్మంటే వద్దంది, కోస్తే ముడి ముడిగానే ఉంటుందట. ప్రతి ముడిలో ఏం కోరిందో పైకి చెప్పి మరీ విప్పాలి. కొడుకు ఇంగ్లీషు నుంచి చెప్పబోతే అతన్నీ ఆపింది. రోజూ నాతో మాట్లాడేది ఈమే, ఈమే చెప్పాలి అని రెడ్డెమ్మ వైపు చెయ్యి చూపింది.

తడిపి పంటితో బిగించిన ముడులు. మా మేడం నేల మీద కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, గోళ్ళతో పీకింది. మొదటి ముడి వదలడానికే చాలాసేపు పట్టింది. పెద్ద మామా మనసు కరగాలని ఇందులో కోరాను అని తెలుగులో చెప్పింది. రెడ్డెమ్మ తలొంచుకుని, వచ్చిన అరబ్బీలో చెప్పింది. రెండోది పాస్‌పోర్టు కోసం. మూడోది టికెట్టు కోసం. ఒక గోరు విరిగి దారానికి రక్తం అంటింది. ఎవరూ ఆగమనలేదు. నాలుగోది, బిడ్డ తల్లిని గుర్తుపట్టాలని.

ఐదో ముడి నుంచి రెడ్డెమ్మ ఈమె చెప్పేదాకా ఆగలేదు. తానే చెప్పడం మొదలుపెట్టింది. తల ఎత్తి, ముసలామె ముఖంలోకి చూస్తూ చెప్పింది. నాకు అరబ్బీ రాదు. బింత్ అంటే బిడ్డ అని మాత్రం తెలుసు. ఆ మాట చాలాసార్లు వినబడింది. మా మేడం ముడులు విప్పుతూనే ఉంది కానీ ఆమె వైపు ఎవరూ చూడడం లేదు.

దారం సాఫైంది. ముసలామె గుమ్మం వైపు తిరిగి కోడల్ని ఏదో అడిగింది, సెలవు సంగతి తనకెందుకు చెప్పలేదనే కాబోలు. కోడలు నేల చూసింది. ఆ తర్వాత తల్లీ కొడుకూ చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి అతను మాకు చెప్పాడు. పోలీసులు లేరు, కేసు లేదు. బిడ్డ దగ్గరికి పంపుతారు, వారంలో టికెట్టు తీస్తారు. కానీ దిండులో దారం పెట్టిన మనిషిని మళ్ళీ ఇంట్లో ఉంచుకోలేరు. వీసా క్యాన్సిల్. దారాన్ని సముద్రంలో వేస్తామని ముసలామె తీసుకుంది.

తిరిగి వస్తుంటే వ్యానులో మా మేడం వేలికి రుమాలు చుట్టుకుని కూర్చుంది. స్కూలు గేటు కనబడ్డాక మెల్లగా అంది.

"పనిచేసిందండి."

సలీం భాయ్ అద్దంలోంచి ఆమెను చూశాడు.

"ఏం పనిచేసింది మేడం? ఆమె అడిగింది నెల సెలవు. వచ్చింది క్యాన్సిల్," అన్నాను.

"ఇల్లు చేరుతుంది కదండి. బిడ్డని చూస్తుంది కదా."

అంతటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఒక ఆడదాని కూడు పోగొట్టి, అందులోనూ తన మంత్రం ఫలించిందని వెతుక్కోగలిగింది. ఆ రోజు రాత్రి ఆమె వండింది నేను తినలేదు.

రెడ్డెమ్మ వెళ్ళిపోయింది. తర్వాత కొన్ని నెలలకు, ఒక సాయంత్రం, రాయచోటి నుంచి మా ఫ్లాటుకు ఫోన్ చేసింది. మేడం స్పీకరు పెట్టింది. బిడ్డ ఇప్పుడు పక్కనే పడుకుంటోందట, కొంగు వదలదట. పని లేదని, ఏజెంటు కువైటుకు వీసా అంటూ తిప్పుతున్నాడని చెప్పింది. తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"ఇంకోటి కట్టు మేడమ్మా. వీసా కోసరం. నీ చెయ్యి మంచిది."

నేను పుస్తకం మూసి చూశాను. జీవితంలో మొదటిసారి ఒక మనిషి పూర్తి నమ్మకంతో ఆమె దగ్గరికి వచ్చి అడిగింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసినది అదే. పైగా అడిగింది ఊరికే ఒక దారం.

"నాకు రాదమ్మా," అంది.

"అట్ల అనొద్దు మేడమ్మా. మొన్నది పలికింది గదా."

"అది నువ్వు అడిగావు రెడ్డెమ్మా. నీ నోటితో, ఆవిడ ముందు. నేను కూర్చుని దారం విప్పాను, అంతే. నాకు ఏమీ రాదు."

అవతల రెడ్డెమ్మ నమ్మలేదు. మేడానికి కోపమొచ్చిందనుకుని బతిమాలింది. ఆమె మళ్ళీ మళ్ళీ అదే చెప్పింది, స్కూల్లో తెలివితక్కువ పిల్లలకు చెప్పినంత ఓపికగా. ఫోన్ పెట్టాక వంటింట్లోకి వెళ్ళి చారు వేడి చేసింది. ఇద్దరం తిన్నాం.

బుద్ధి వచ్చిందని చెప్పను. అంత సులభంగా వచ్చే రకం కాదు. ఆ పక్షి పేరు, చెట్టు పేరు వదిలేసింది కానీ, కాకినాడ వెళ్ళిపోయాక రంగురాళ్ళు పట్టుకుంది. ఫోనులోనే వైద్యం చేసే ఒకాయన దగ్గర శిష్యురాలైంది. తల మీద అట్టతో చేసిన పిరమిడ్ టోపీ పెట్టుకుని ధ్యానం చేస్తున్న ఫొటో నాకు పంపింది. నేను జవాబివ్వలేదు. అన్నిటిలోనూ ఆమె మొదటి పాఠంలోనే ఉండేది, మొదటి పాఠంలోనే పోయింది.

కానీ రెడ్డెమ్మ ఫోన్ వచ్చిన తర్వాతి సంగతులు ఇంకొన్ని చెప్పాలి, నేను కళ్ళారా చూసినవి. పప్పు పొట్లాలకు రబ్బరు బ్యాండ్లు వేసింది. ఊరికి పంపే పార్సెళ్ళను టేపుతో చుట్టింది. నాడాలు లాగేసి పైజామాలకు ఎలాస్టిక్ కుట్టించుకుంది. పచ్చడి జాడీ మీద గుడ్డ కప్పి దాని మీద బరువు పెట్టింది. నేను రెండేళ్ళ కిందట కాకినాడ వెళ్ళినప్పుడు కూడా అంతే. చెల్లెలి మనవరాలు రిబ్బను కట్టమని జడ పట్టుకుని వస్తే, అమ్మమ్మ దగ్గరికి వెళ్ళమంది.

ముడి వేయడం ఆమె మానేసింది.